కాలిఫోర్నియాలో ప్రినప్ రాసుకున్నాం: మాకు ఎదురైనవి ఇవి

మా పెళ్లి 2025 ఆగస్టులో, శ్రావణమాసంలో, గుంటూరులో జరిగింది. అంతకు మూడు నెలల ముందే, మే నెలలో, ఇక్కడ కాలిఫోర్నియాలో కౌంటీ ఆఫీసులో రిజిస్టర్ చేసుకున్నాం. ఈ రెండిటికీ ముందు, ఏప్రిల్ చివర్లో, ప్రినప్ మీద, అంటే ఏ ఆస్తి, ఏ అప్పు ఎవరిదో పెళ్లికి ముందే రాసుకునే ఒప్పందం మీద, సంతకాలు పెట్టాం. ఈ వరస తప్పితే కథంతా మారిపోతుంది కాబట్టి ముందే చెప్తున్నాను. ఇక్కడ మనవాళ్లు చాలామంది మాలాగే ముందు రిజిస్టర్ చేసుకుని, తర్వాత ఊరెళ్లి ముహూర్తానికి పెళ్లి చేసుకుంటున్నారు. ఇద్దరూ హెచ్1బి (ఉద్యోగ వీసా) మీద ఉంటే, ఒకరి ఉద్యోగం ఊడినా రెండోవాళ్ల మీద హెచ్4కి (వాళ్ల భార్యకో భర్తకో ఇచ్చే వీసా) మారొచ్చన్న ధైర్యం. మన మనసుల్లో తాళి పడేదాకా పెళ్లి కాదు. చట్టానికి మాత్రం కౌంటీ క్లర్కు ముందు ఔనని చెప్పిన రోజే పెళ్లి. ఆగస్టు పెళ్లి కదా, జూలైలో రాసుకుందాంలే అనుకుంటే అప్పుడు మీ చేతికొచ్చేది ప్రినప్ కాదు, పోస్ట్‌నప్, అంటే పెళ్లయ్యాక రాసుకునే ఒప్పందం.

ఆ తేడా ఏంటో నాకు చెప్పింది మా పెద్దమ్మ కూతురు. అక్కా బావా పెళ్లయిన ఎనిమిదేళ్లకు పోస్ట్‌నప్ రాసుకున్నారు. బావ ఉద్యోగం మానేసి, అప్పు తెచ్చి వ్యాపారం మొదలుపెడుతున్నాడు. ఆ అప్పు అక్క జీతం మీదికి రాకూడదని ఇద్దరూ అనుకునే రాసుకున్నారు, ఏ గొడవా లేదు. అయినా నెలల తరబడి సాగింది. ఎందుకంటే పెళ్లయ్యాక డబ్బు విషయంలో భార్యాభర్తలు ఒకరి మేలు ఒకరు చూడాలని ఇక్కడి చట్టమే బాధ్యత పెడుతుంది. కాగితం వల్ల ఒకరికి లాభం కనిపిస్తే, రెండోవాళ్ల మీద ఒత్తిడి తెచ్చి రాయించారనే కోర్టు మొదట అనుకుంటుంది. అలా జరగలేదని చూపించుకోవాల్సింది లాభం పొందినవాళ్లే. "రిజిస్టర్ కాకముందే కానిచ్చెయ్యవే. తర్వాతైతే ప్రతి వాక్యానికీ ఇద్దరు లాయర్లు మీటింగు పెడతారు, బిల్లు మీకొస్తుంది" అంది అక్క.

ప్రినప్ కావాలని అడిగింది నేనే. 2021లో ఫ్రీమాంట్‌లో నేనొక టౌన్‌హోమ్ కొన్నాను. డౌన్ పేమెంటులో కొంత నాన్న రిటైర్మెంటు డబ్బు. దానికి ఏమైనా అయితే నాన్నకు మొహం చూపించలేననే భయం నాకు మొదట్నుంచీ ఉంది. జనవరిలో ఒక ఆదివారం మా ఆయనకు (అప్పటికి కాబోయే ఆయన) చెప్పాను. చెప్పే ముందు చాలా రిహార్సల్స్ చేసుకున్నాను కానీ, నోరు తెరిచాక అవేవీ గుర్తు రాలేదు. ఆయన కోప్పడలేదు. "ఆలోచిస్తాను" అన్నాడు. రెండు రోజులు మామూలుగానే మాట్లాడాడు గానీ ఆ సంగతి ఎత్తలేదు. ఆ రెండు రోజులూ నాకు అన్నం సహించలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "సరే రాసుకుందాం. కానీ అందులో నా అప్పులన్నీ కూడా రాయాలి కదా?" అన్నాడు. ఆయనకున్న ఇబ్బంది నా ఇంట్లో వాటా గురించి కాదని అప్పుడర్థమైంది.

ఫిబ్రవరి మొదటి వారంలో లాయరును కలిశాను. అరగంట సంప్రదింపుకు 200 డాలర్లు. ఇద్దరికీ ఒకే లాయరు సరిపోదా అని అడిగాను. కుదరదంది. ఆవిడ నా తరఫు, ఆయనకు వేరే లాయరు ఉండాలి. నా లాయరు మొత్తం పనికి 4,500 డాలర్లు ఒకే మొత్తంగా చెప్పింది. ఆయన లాయరు గంటల లెక్కన తీసుకున్నాడు, చివరికి 2,100 అయింది. ఆయన లాయరు ఫీజు కూడా నేనే కట్టాను. అడిగింది నేను కాబట్టి అది న్యాయమే అనిపించింది. పైగా నా లాయరే ఆ మాట ఒప్పందంలో రాయించింది, రేపు 'నాకు లాయరును పెట్టుకునే స్తోమత లేకపోయింది' అనే మాట రాకుండా. పెళ్లి ఫొటోగ్రాఫరుకు ఇచ్చినదానితో పోలిస్తే ఇదంతా తక్కువే. అయినా ఫొటోగ్రాఫరుకు కట్టేటప్పుడు ఇంత గుండె కొట్టుకోలేదు.

ఇల్లు నా పేరు మీదే ఉంది, పెళ్లికి ముందే కొన్నాను, కాబట్టి నాదే అని అప్పటిదాకా నా నమ్మకం. లాయరు మొదటి పావుగంటలోనే దాన్ని సరిచేసింది. కాలిఫోర్నియాలో పెళ్లయ్యాక సంపాదించే జీతం ఎవరి అకౌంట్లో పడినా ఇద్దరిదీ. ఆ జీతంలోంచి ఇంటి వాయిదా కడితే, అసలు తగ్గినకొద్దీ ఆ ఇంట్లోనూ, పెరిగే విలువలోనూ ఉమ్మడి వాటా పుడుతుంది. 1980లో ఒక కేసు, 1982లో ఒక కేసు, ఆ రెండిటి పేర్లూ కలిపి దీన్ని మూర్-మార్స్‌డెన్ లెక్క అంటారట. కంపెనీ ఇచ్చే షేర్లు కూడా అంతే. పెళ్లికి ముందు ఇచ్చి, పెళ్లి తర్వాత చేతికొచ్చేవాటిని ఎన్నాళ్లు ఎటువైపు పడ్డాయో చూసి విడగొడతారు. ఒప్పందం లేకపోతే ఏ ఒప్పందమూ లేనట్టు కాదు, రాష్ట్రం ముందే రాసిపెట్టినది మనకు వర్తిస్తుంది. దాన్ని చదవకుండానే అందరం ఒప్పుకుంటున్నాం, అంతే.

తర్వాత ఆస్తులు, అప్పుల జాబితా. అసలు పని ఇదే. ఫిబ్రవరి అంతా, మార్చిలో సగం దీనికే పోయింది. ఇద్దరూ ఉన్నదంతా విప్పి చూపించాలి. దాచినట్టు తేలితే ఒప్పందం నిలబడకపోయే ప్రమాదం ఉంది. ఇక్కడివి తేలికే: బ్యాంకు, 401కె (కంపెనీ ద్వారా దాచుకునే రిటైర్మెంటు డబ్బు), షేర్లు, కారు అప్పు, క్రెడిట్ కార్డు, అన్నిటికీ స్టేట్‌మెంట్లు దొరికాయి. ఇండియావి చూడాలి. నాన్న నా చిన్నప్పుడు కట్టిన ఎల్ఐసీ పాలసీ ఒకటి ఉందని తెలుసు, ఎంతకో తెలియదు. గుంటూరు పక్కన నా పేరు మీద 200 గజాల స్థలం ఉంది. దానికి రెండు ధరలు, ఒకటి రిజిస్ట్రేషన్ విలువ, ఇంకొకటి అక్కడ నిజంగా అమ్ముడుపోయే ధర. "ఇందులో ఏది నిజం?" అంది లాయరు. రెండూ నిజమేనన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి నా వైపు కాసేపు చూసి, రెండూ రాసి, పక్కన ఒక వివరణ పెట్టమంది.

ఇక బంగారం. లాకర్లో నాదని ఎంత ఉందో నాకు నిజంగా తెలియదు. అమ్మకు వీడియో కాల్ చేస్తే, బీరువాలోంచి పాత డైరీ ఒకటి తీసింది. ఏ ఏడాది ఏ దుకాణంలో ఏం కొన్నదీ, ఎన్ని కాసులో, తరుగు ఎంత వేశారో అన్నీ పెన్సిలుతో రాసుకుంది. చదువుతూ మధ్యలో ఆగి, "ఇదంతా ఇప్పుడెందుకే?" అంది. చెప్పాను. డైరీ మూసేసింది. "మంచి జరగబోతుంటే ఈ చెడ్డ మాటలేంటి" అని ఫోను నాన్నకిచ్చేసింది. నాన్న అంతా విని, "డ్రాఫ్టు వచ్చాక నాకూ ఒకసారి పంపు" అన్నారు. పంపితే ప్రతి పేజీ చదివి, పక్కన ప్రశ్నలు రాసి, స్కాన్ చేసి తిరిగి పంపారు. ఆయన ప్రశ్నల్లో రెండు నా లాయరుకు కూడా పనికొచ్చాయి. అమ్మ మిగతా డైరీ వారం తర్వాత వాట్సాప్‌లో ఫొటోలు తీసి పంపింది, కింద ఒక్క మాట కూడా రాయకుండా.

మా ఆయన వైపు ఇంకో కథ. ఎంఎస్ కోసం ఇండియాలో బ్యాంకు లోను తీసుకున్నాడని నాకు తెలుసు. దానికి వాళ్ల నాన్నగారు ఉంటున్న ఇల్లే తాకట్టులో ఉందన్నది మాత్రం జాబితాలోనే చూశాను. దాచలేదు, నేనెప్పుడూ అడగలేదు, ఆయనా చెప్పలేదు, అంతే. బ్యాంకు నుంచి బాకీ ఎంతో కాగితం తెమ్మని కొడుకు అడగడంతో మామయ్యగారికి విషయం తెలిసింది. ఒక రాత్రి నాకే ఫోన్ చేశారు. ప్రినప్ ఎందుకని ఒక్క మాట అనలేదు. "ఏమ్మా, ఆ తాకట్టు సంగతి మీ నాన్నగారికి చెప్పావా?" అన్నారు. లేదు మామయ్యగారూ అన్నాను. "చెప్పొద్దులేమ్మా, ఏడాదిలో తీర్చేస్తాం" అన్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటికే డ్రాఫ్టు నాన్న దగ్గరకు వెళ్లాల్సి ఉంది. ఆ జాబితా పేజీలు తీసేసి, మిగతాదే నాన్నకు పంపాను. నాన్న ప్రశ్నల్లో ఒకటి 'జాబితా ఏది?' అని ఉంది. మా ఇద్దరిదీ అది, మా మధ్యే ఉండనివ్వండి అన్నాను. ఆయన మళ్లీ అడగలేదు.

ఆ అప్పు గురించి లాయరు చెప్పిన చిట్కా ఒకటి. పెళ్లికి ముందు ఆయన చేసిన అప్పుకు, పెళ్లయ్యాక నాకొచ్చే జీతం బాధ్యత వహించదు. కానీ ఆ జీతాన్ని, ఆయనకు తీసుకునే హక్కు లేని అకౌంట్లో, వేరే డబ్బుతో కలపకుండా ఉంచితేనే. అన్నీ ఒకే జాయింటు అకౌంట్లో పోస్తే ఆ రక్షణ పోతుంది. ఇంటి ఖర్చులకు ఒక జాయింటు అకౌంటు, ఎవరి జీతాలు వాళ్ల అకౌంట్లలో అని అప్పుడే అనుకున్నాం.

మార్చి మధ్యలో మొదటి డ్రాఫ్టు వచ్చింది. ఇరవై రెండు పేజీలు. 'వివాహం రద్దయిన పక్షంలో' అన్న మాట పేజీకి మూడుసార్లు ఉంటుంది. అదే రోజు అత్తయ్యగారు పట్టుచీరల ఫొటోలు పంపుతున్నారు, ఏ అంచు బాగుందో చెప్పమని. మా ఆయనైతే ఏడో పేజీ దగ్గర ఆపేసి నడవడానికి వెళ్లిపోయాడు. ఇది చదివేటప్పుడు ఇద్దరూ ఒకేచోట కూర్చోకండి. ఎవరి కాపీ వాళ్లు చదువుకుని, ప్రశ్నలు రాసుకుని, తర్వాత కలిస్తే మాటలు తిన్నగా నడిచాయి.

బేరం ఎక్కువగా రెండు విషయాల్లో సాగింది. భరణం ఇద్దరం వదులుకుందామని మొదట అనుకున్నాం. ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి కదా అని. నా లాయరు వద్దంది. పిల్లలు పుట్టి ఎవరో ఒకరు నాలుగేళ్లు ఇంట్లో ఉండిపోతే? అదీ కాక, వదులుకుంటున్నామని రాసినా, సంతకం రోజున సొంత లాయరు లేకపోతే అది చెల్లదు. ఉన్నా, అమలు చేసే రోజుకు మరీ అన్యాయంగా కనిపిస్తే కోర్టు పక్కన పెట్టేయొచ్చు. చివరికి భరణం గురించి ఏమీ రాయకుండా చట్టానికే వదిలేశాం. బదులుగా, పిల్లల కోసం ఎవరు ఉద్యోగం ఆపినా, ఆ కాలమంతా రెండోవాళ్లు నెలకింత అని ఆ ఆపినవాళ్ల సొంత అకౌంట్లో వేయాలని రాసుకున్నాం. మొత్తం కాగితంలో నాకు బాగా నచ్చింది ఆ పేరానే.

రెండోది నా ఇల్లు. మొదటి డ్రాఫ్టులో ఇల్లూ, దాని పెరిగిన విలువా పూర్తిగా నావి, ఆయనకు ఏమీ లేదు. నా లాయరు నా తరఫున అలా రాయడం సహజమే. కానీ వాయిదా కట్టేది జాయింటు అకౌంటులోంచి. అది చదివితే నాకే సిగ్గేసింది. అలా కట్టిన అసలులో సగం మా ఆయనకు రావాలని ఆయన లాయరు అన్నాడు, నేను ఒప్పుకున్నాను. పెరిగిన విలువ మాత్రం నాకే.

ఏం రాయకూడదో కూడా చెప్పాలి. పిల్లలు ఎవరి దగ్గర ఉండాలన్నది ముందే రాసుకుంటే కోర్టును కట్టిపడేయదు. పిల్లల పోషణ ఖర్చును తగ్గించేలా రాయడం అసలు కుదరదు. వేరేవాళ్లతో సంబంధం పెట్టుకుని మోసం చేస్తే ఇంత జరిమానా అని రాసుకోవడం ఇక్కడ చెల్లదు, అలా 50,000 డాలర్లు రాసుకున్న ఒక జంట కేసును 2002లో అప్పీలు కోర్టు కొట్టేసింది. మా ఆయన నవ్వులాటకి, "మీ అమ్మానాన్నలు వస్తే ఆరు నెలలూ ఉండకూడదని రాయొచ్చా?" అన్నాడు. ఆయన లాయరు నవ్వకుండా, ఇలాంటివి రాస్తే కోర్టు మిగతా కాగితాన్ని కూడా తేలిగ్గా చూస్తుందన్నాడు. గ్రీన్ కార్డుకు భార్యనో భర్తనో స్పాన్సర్ చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. ఐ-864 ఫారంలో ప్రభుత్వానికి ఇచ్చిన పోషణ హామీ ప్రినప్‌తో పోదు, విడాకులతో కూడా పోదు. మా ఇద్దరివీ హెచ్1బిలు కాబట్టి ఈసారికి మాకు ఆ గొడవ లేదు.

ఇండియా ఆస్తుల మాటేంటని నాన్నకు తెలిసిన ఒక లాయరుగారిని అడిగాం. హిందూ వివాహ చట్టంలో ఇలాంటి ఒప్పందానికి చోటు లేదన్నారు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 23వ సెక్షన్ కింద ప్రజా విధానానికి విరుద్ధమని పక్కన పెట్టే వీలుంది. గోవాలో మాత్రం పోర్చుగీసు సివిల్ కోడ్ కాలం నుంచీ పెళ్లికి ముందు ఒప్పందం ఉంది. ఇండియాలో ఉన్న నీ స్థలానికీ బంగారానికీ వీలునామా రాసుకోమ్మా అన్నారు. హిందువులకు పెళ్లి వల్ల పాత వీలునామా రద్దు కాదని కూడా అప్పుడే తెలిసింది.

ఇక ఏడు రోజుల నిబంధన. మా తేదీలన్నిటినీ తిప్పేసింది ఇదే. కాలిఫోర్నియాలో 2020 జనవరి 1 నుంచి, తుది ఒప్పందం చేతికొచ్చిన రోజుకూ సంతకానికీ మధ్య కనీసం ఏడు రోజులుండాలి, లాయరు ఉన్నా సరే. దీని వెనక పెద్ద చరిత్రే ఉంది. బేస్‌బాల్ ఆటగాడు బ్యారీ బాండ్స్ 1988లో పెళ్లికి ముందు రోజు కాబోయే భార్య చేత ప్రినప్ మీద సంతకం పెట్టించాడు, ఆమెకు లాయరు లేదు. 2000లో రాష్ట్ర సుప్రీం కోర్టు అది చెల్లుతుందంది. ఆ తీర్పు తర్వాతే చట్టసభ నిబంధనలు బిగించింది.

మాకు తుది కాపీ ఏప్రిల్ 4న వచ్చింది. 14న సంతకాలు, 17న కౌంటీలో అపాయింట్‌మెంటు. ఆ కాపీలో మా ఆయన పేరు తప్పు పడింది. పాస్‌పోర్టులో ఇంటిపేరు ఒకచోట, ఆఫీసు కాగితాల్లో ఇంకోచోట, ఈ బాధ మనవాళ్లందరికీ తెలిసిందే. పేరు సరిదిద్దితే ఏడు రోజులు మళ్లీ మొదలవ్వవు, షరతులు మారనంతవరకూ పర్వాలేదన్నారు. హమ్మయ్య అనుకున్నాం. కానీ 10వ తేదీన ఆయన లాయరు ఒక ప్రశ్న వేశాడు: రేపు వంటిల్లు మార్పించడానికి ఈయన డబ్బు పెడితే? అది న్యాయమైన ప్రశ్నే. ఆ డబ్బు కూడా తిరిగి రావాలని చేర్చారు. అది షరతు మార్పే కాబట్టి లెక్క మళ్లీ మొదటికొచ్చింది. కొత్త కాపీ 15న వచ్చింది. సంతకాలు 25కి, కౌంటీ మే 9కి జరిగాయి. పెళ్లి లైసెన్సు తీసుకున్నాక 90 రోజులు చెల్లుతుంది, మేం మార్చి చివర్లో తీసుకున్నాం కాబట్టి సరిపోయింది. కౌంటీలో ముందే తేదీ పట్టుకునేవాళ్లు మధ్యలో కనీసం మూడు వారాలు వదులుకోండి.

సంతకాల రోజు ఊహించినంత బరువుగా ఏమీ లేదు. లాయరు ఆఫీసులో నలుగురం, ఒక నోటరీ. నోటరీ తప్పనిసరి కాదు, అయినా చేయించమన్నారు. ఇక్కడ నోటరీ సంతకానికి గరిష్ఠంగా 15 డాలర్లే తీసుకోవాలి, ఈ మొత్తం పనిలో చవకైనది అదొక్కటే. ప్రతి పేజీ కింద ఇద్దరం పొడి అక్షరాలు వేయాలి. జాబితా పేజీ వచ్చినప్పుడు మా ఆయన కాసేపు ఆగి, తాకట్టు ఉన్న వరస మీద వేలు పెట్టి, నా వైపు చూసి, అక్షరాలు వేశాడు. బయటికొచ్చాక ఇద్దరికీ విపరీతంగా ఆకలేసింది.

అయిపోయిందనుకున్నాం, కాలేదు. నా 401కెలో ఉన్నది నేను పోతే అమ్మానాన్నలకు వెళ్లాలని ప్రినప్‌లో రాశాం. కానీ ఫెడరల్ చట్టం ప్రకారం ఆ హక్కు భార్యకో భర్తకో ఉంటుంది, దాన్ని వదులుకోవాల్సింది కూడా పెళ్లయిన మనిషే. పెళ్లికి ముందు కాబోయే భర్త పెట్టిన సంతకం దానికి చాలదు. కాబట్టి మే 9 తర్వాత కంపెనీ ఫారం తెప్పించి, ఆయన మళ్లీ నోటరీ ముందు సంతకం పెట్టాలి. ఫారం కోసం ఇద్దరు ముగ్గురు హెచ్‌ఆర్ మనుషుల చుట్టూ తిరిగాను. జూన్ చివరికి గానీ పూర్తి కాలేదు. ఈ మెట్టు దగ్గర చాలామంది ఆగిపోతారని లాయరే చెప్పింది.

ఇప్పుడు ఒరిజినల్ కాపీ చెరొకటి మా దగ్గరుంది, స్కాన్లు లాయర్ల దగ్గర ఉన్నాయి. రాష్ట్రం మారినా, పిల్లలు పుట్టినా ఒకసారి తెచ్చి చూపించమన్నారు. ఇల్లు రీఫైనాన్స్ చేసేటప్పుడు, అంటే పాత ఇంటి అప్పు తీర్చేసి కొత్త వడ్డీకి మళ్లీ తీసుకునేటప్పుడు, ఆయన పేరు చేర్చమని బ్యాంకువాళ్లు అడిగే అవకాశం ఉందట. అడిగితే కాగితాల మీద సంతకం పెట్టేలోపే తనకు ఫోన్ చేయమంది నా లాయరు. రేట్లు ఇంకాస్త తగ్గుతాయేమోనని చూస్తున్నాం. మామయ్యగారి ఇంటి లోను ఇంకా కొంత ఉంది. దసరా రోజుల్లో బోనస్ రాగానే దానికే పంపాడు మా ఆయన, తన అకౌంటులోంచి.